ఇంటి ధనమునకు సాక్షి ఎవరు?

భూమి దాచిన దాగునది కాదు. దానికి గట్లు కలవు, సర్వే రాళ్లు కలవు, నాటి కరణములు వ్రాసి ఉంచిన లెక్కలు కలవు, చుట్టు రైతుల కన్నులు కలవు. ఇంటి లోపలి ధనము అట్టిది కాదు. పెండ్లినాడు పుట్టింటివారు పెట్టిన కాసులపేరు, పండుగకు వచ్చిన అన్న చెల్లెలి చేతిలో ఉంచిన నోట్లు, పంట అమ్మగా మిగిలిన రొక్కము, ముసలి తల్లి పెట్టె అడుగున పట్టుగుడ్డలో మూటగట్టిన సవరసులు - వీనికి రసీదు వ్రాయు ఆచారము మన దేశమున సామాన్యముగ ఏ ఇంటను లేదు. తల్లిని రసీదు అడిగిన కుమార్తెను లోకము మెచ్చదు. ఇట్టి ధనము ఒకనాడు వెలుపలికి వచ్చి బ్యాంకు ఖాతాలోనో, క్రొత్త ఇంటి గోడలలోనో కనబడినపుడు రాజ్యము ‘ఇది ఎక్కడిది?’ అని అడుగును.

ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు ఆ యింటివారే. ఆ సమాధానము నమ్మబడినచో లాభపడువారును ఆ యింటివారే. తెలిసినవాడు తటస్థుడు కాడు, తటస్థునకు తెలియదు. ఇంటివారి మాటను త్రోసివేసినచో నిజము చెప్పిన వృద్ధురాలు అబద్ధీకురాలగును. తన ధనమునకు తానే పన్ను కట్టవలసివచ్చును. అడిగినదే తడవుగ నమ్మినచో దొంగ బజారులో గడించినవాడు ఆ వృద్ధురాలి పెట్టెచాటున దాగును. వాడు ఎగవేసిన పన్నును నెలజీతముపై ముందే పన్ను కోతపడు గుమాస్తా భరింపవలసివచ్చును. ఇంటి ధనమును గూర్చిన పన్ను వివాదములలో సాక్ష్యమును తూచు పద్ధతి ఈ రెండు అన్యాయముల నడుమ త్రోవ వెదకుచు రూపొందినది.

ప్రాచీన ధర్మశాస్త్రకారులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. ఆదాయపు పన్ను వివాదములు నాడు లేకున్నను ఋణము, నిక్షేపము, దాయవిభాగము, స్త్రీధనము మున్నగు వివాదములు కలవు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము ధనసంబంధము కలవారిని, ఆప్తులను, శత్రువులను, మునుపు దోషులని తేలినవారిని సాక్షులుగ గ్రహింపరాదని చెప్పినది. స్త్రీల సాక్ష్యమును సామాన్యముగ తక్కువ చేసినదియు ఆ స్మృతియే. ఐనను ఇంటి లోపల జరిగిన విషయమున ఈ కట్టుబాటును అదియే సడలించినది. అచట ప్రత్యక్షముగ చూచినవాడెవడైనను సాక్షి కావచ్చును. అట్టివారు లేనిచో స్త్రీయైనను, బాలుడైనను, వృద్ధుడైనను, బంధువైనను చెప్పవచ్చును. గడపలోపలి సంగతికి గడపలోపలివారే సాక్షులను సత్యమును శాస్త్రము మన్నింపక తప్పలేదు.

యాజ్ఞవల్క్యస్మృతి ప్రమాణములను మూడుగ విభజించినది: లిఖితము, భుక్తి, సాక్షులు. అనగా పత్రము, అనుభవము, మానవ వచనము. అసత్యము పలుకువాని లక్షణములను సైతము అది చెప్పినది: ఒకచోట నిలువక కదలుట, పెదవుల మూలలు నాకుట, నొసట చెమటపట్టుట, మొగము రంగు మారుట. ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుడగు ఆరవ విక్రమాదిత్యుని కాలమువాడు. ఈ లక్షణములు దోషము ఉండవచ్చునని తోపించునవియే గాని ఉన్నదని నిశ్చయించునవి కావనియు, స్వభావముచేత కలిగిన వికారమేదో, కారణాంతరముచేత కలిగిన వికారమేదో వేరుచేయుట కష్టమనియు ఆయన హెచ్చరించెను. భయపడిన సత్యవాదికిని చెమటపట్టును. మూలఘటిక కేతన పదమూడవ శతాబ్దిలో విజ్ఞానేశ్వరీయమను పేర మితాక్షరను తెనుగు చేసెను గనుక ఈ శాస్త్రచర్చ తెలుగువారికి చిరకాల పరిచితము. సందేహము వేరు, నిశ్చయము వేరు అను ఈ భేదమే ఎనిమిది వందల యేండ్లకు పైబడిన పిమ్మట పన్నుల వివాదములలో మరల తలయెత్తినది.

ఆధునిక భారతమునకు ఆదాయపు పన్ను 1860లో వచ్చినది. 1857 తిరుగుబాటువలన కలిగిన బొక్కసపు లోటును పూడ్చుటకై ఇంగ్లండునుండి వచ్చిన జేమ్స్ విల్సన్ దానిని ప్రవేశపెట్టెను. ఏడాదికి 200 రూపాయలు మొదలు 500 లోపు ఆదాయముపై నూటికి రెండు, 500 మొదలు పైకి నూటికి నాలుగు వంతున ఆ పన్ను విధింపబడినది. విల్సన్ ఆ సంవత్సరము ఆగస్టులోనే కలకత్తాలో మరణించెను. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్ను ప్రతిపాదనలను వ్యతిరేకించి, తన అభ్యంతరములను ప్రకటించినందుకు పదవినుండి వెనుకకు పిలువబడెను. తెలుగు జిల్లాలు నాడు ఆ గవర్నరు ఏలుబడిలోనివే. నాటి ఆక్షేపణలలో ఒకటి పన్ను బరువును గూర్చినది కాదు, విచారణను గూర్చినది. సర్కారు ఉద్యోగి ఇంటి గుట్టు అడుగుట ఎట్లు సహింపదగునని జనులు చీదరించుకొనిరి. ఐదేండ్లకు ఆ పన్ను పోయినది. తరువాత పలు రూపములలో వచ్చి పోవుచు 1886 నాటి చట్టముతో స్థిరపడినది. వ్యవసాయాదాయము నాటినుండియు ఈ పన్ను వెలుపలనే ఉన్నది. ‘పొలము పంట సొమ్ము’ అను జవాబునకు పన్ను కార్యాలయములలో ఇంత వాడుక ఏర్పడుటకు మూలమిదియే.

ఈలోగా 1872లో భారత సాక్ష్య చట్టము వచ్చినది. దానిని కూర్చిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ సాక్షుల విషయమున పాత కట్టుబాట్లను చాలవరకు తొలగించెను. ప్రశ్న గ్రహించి జవాబు చెప్పగల ప్రతి మనుష్యుడును సాక్షి కాదగును. ఒక విషయమును రుజువుచేయుటకు ఇందరు సాక్షులుండవలెనను సంఖ్యానియమము లేదు. బంధువని, స్త్రీయని, సొంత లాభము కలవాడని ఎవనిని గుమ్మమువద్దనే ఆపుట తగదు. రానిచ్చి, విని, పిమ్మట తూచవలెను. తూనికకు ఆ చట్టము చూపిన ప్రమాణము వివేకవంతుడగు మనుష్యుడు. అట్టివాడు ఒక విషయము నిజమని తలచి తన వ్యవహారమున నడచుకొనునంతటి సంభావ్యత ఉన్నచో ఆ విషయము రుజువైనట్లే. 2024 జులై 1నుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినను ఈ వివేకవంతుడు మాత్రము తన స్థానమును విడువలేదు.

పన్ను అధికారి స్థితి విచిత్రమైనది. సాక్ష్య చట్టపు సూక్ష్మ నియమములు అతనిని కట్టివేయవు. సాక్షులను రప్పించి ప్రమాణము చేయించుటకు సివిలు కోర్టునకు ఉన్న అధికారమును 1922 నాటి చట్టము అతనికి ఇచ్చినది. వాదియు అతడే, న్యాయాధిపతియు అతడే అను ఆక్షేపణ ఇందుండియే పుట్టినది. 1941 జనవరిలో అప్పీళ్ల ట్రిబ్యునలు ఏర్పడినపిదప విషయనిర్ణయమున దానిదే తుదిమాట అయినది. పై కోర్టులు న్యాయ ప్రశ్నలనే చూడవలెను. అందుచేత ఒక ఇంటివారిని నమ్ముటయో నమ్మకుండుటయో చాలవరకు ఆ మెట్టుననే ముగియును. అచట సాక్ష్యమును తప్పుగ తూచినచో సరిదిద్దుట కష్టము.

ఈ తూనికకు గట్టి పరీక్ష 1946లో వచ్చినది. యుద్ధకాలపు దొంగ వ్యాపారములలో గడించిన ధనమును బయటికి లాగుటకై ఆ జనవరి 12న ప్రభుత్వము 500, 1,000, 10,000 రూపాయల నోట్లను చెల్లకుండ చేసినది. వానిని కలవారు కొలది దినములలో వివరములతో కూడిన ప్రకటన వ్రాసియిచ్చి మార్చుకొనవలెను. బీరువాలలోని నోట్లు ఒక్కసారిగ పన్ను అధికారుల బల్లపైకి వచ్చినవి. నోటుకు నోరు లేదు. అది తాత పొదుపో, నిన్నటి దొంగ బేరపు లాభమో దానిని చూచి చెప్పజాలరు. ఆ ప్రకటనలనుండి పుట్టిన వివాదములు కొన్ని పది పదిహేనేండ్లు నడచి సుప్రీం కోర్టునకు చేరినవి.

ఆ వివాదములు తేలుటకు ముందే, 1954లో, ఢాకేశ్వరీ కాటన్ మిల్లుల వ్యాజ్యమున సుప్రీం కోర్టు పునాదిరాయి వేసినది. అది కుటుంబ ధనమును గూర్చినది కాదు, మిల్లు లాభమును గూర్చినది. పన్ను అధికారి సాక్ష్య చట్టమునకు కట్టుబడనక్కరలేదు గాని ఏ ఆధారమును లేక ఊహపై పన్ను వేయరాదనియు, వట్టి అనుమానమునకు మించినది ఏదేని ఉండవలెననియు కోర్టు చెప్పినది. పన్ను శాఖ రహస్యముగ అందించిన సమాచారమును మిల్లువారికి చూపకయే ట్రిబ్యునలు దానిపై ఆధారపడుట న్యాయము కాదనియు అన్నది.

రెండేండ్లకు మెహతా పరీఖ్ కంపెనీ వ్యాజ్యము తీర్పునకు వచ్చినది. ఆ వర్తకసంస్థ 1946 జనవరిలో వేయి రూపాయల నోట్లు 61 మార్చుకొన్నది. చిట్టాలో అంతకు సరిపోవు రొక్కపు నిలువ కలదు. నోట్లు ఎట్లు వచ్చినవో తెలుపు అఫిడవిట్లను దాఖలుచేసిరి. పన్ను అధికారులు నమ్మలేదు. ట్రిబ్యునలు నడుమ మార్గము వెదకి 31 నోట్లకు చెప్పిన కారణము నమ్మదగినదనియు, మిగిలిన 30 నోట్లు దాచిన ఆదాయమనియు నిర్ణయించినది. చూచుటకు ఇది సమబుద్ధివలె కనబడును. కాని ఒకే మాట ముప్పదియొకటవ నోటువరకు సత్యమై ముప్పదిరెండవ నోటునుండి అసత్యమగుట ఎట్లు? 1956లో సుప్రీం కోర్టు ఈ నిర్ణయమును కొట్టివేసినది. చిట్టాలు సరియైనవని ఒప్పిరి. అఫిడవిట్లు ఇచ్చినవారిని ఎవరును పిలిపించి ఎదురు ప్రశ్నలు వేయలేదు. ప్రశ్నింపకయే సాక్షిని అబద్ధీకుని చేయుటకు వీలులేదని కోర్టు చెప్పినది.

ఈ సూత్రమున ఒక మానవధర్మము కలదు. సాక్షిని పిలిచి అడుగుట అతనిని వేధించుట కాదు, గౌరవించుట. ‘నీ మాట నమ్మలేకున్నాను, దీనికి ఏమందువు?’ అని ఎదుట అడిగినపుడు నిజము చెప్పువానికి తన మాట నిలబెట్టుకొను అవకాశము దొరకును. అబద్ధమాడువాని కట్టుకథకు కుట్లు ఊడును. ఈ హక్కు రెండు వైపులదియు. 1980లో కిషన్‌చంద్ చెల్లారాం వ్యాజ్యమున మద్రాసునుండి బొంబాయికి పంపిన 1,07,350 రూపాయలు ఎవరివను ప్రశ్న వచ్చినది. పన్ను శాఖ ఒక బ్యాంకు మేనేజరు వ్రాసిన ఉత్తరములపై ఆధారపడినది గాని ఆయనను ఎదురు ప్రశ్నించుటకు పన్ను చెల్లించువారికి అవకాశము ఈయలేదు. అట్టి ఉత్తరము సాక్ష్యముగ నిలువదని సుప్రీం కోర్టు అన్నది.

1959లో వచ్చిన లాల్‌చంద్ భగత్ అంబికారాం వ్యాజ్యము ఇంటి బీరువాకు మరింత దగ్గరిది. నాటి బీహారులోని సాహిబ్‌గంజ్ ప్రాంతమున ధాన్యపు వ్యాపారము చేయు హిందూ అవిభక్త కుటుంబమది. ఆ కుటుంబపు లెక్కలలో దినదినపు రొక్కమునకు ఒక ఖాతా, నిత్యవ్యాపారమునకు అవసరములేని పెద్ద మొత్తములకు ‘ఆల్మారా ఖాతా’ యను మరియొక ఖాతా కలవు. వారు మార్చిన వేయి రూపాయల నోట్లు 291. ట్రిబ్యునలు అందు 1,50,000 రూపాయల మేరకు నమ్మి, తక్కిన 1,41,000 రూపాయలు దాచిన లాభమనినది. ఆ ప్రాంతము ధాన్యపు దొంగ రవాణాకు పేరుపడినదనియు, యుద్ధకాలమున అట్టి వ్యాపారికి దొంగ లాభములకు అవకాశముండెననియు ఆ నిర్ణయమునకు ఆధారములు. సుప్రీం కోర్టు దీనిని అంగీకరింపలేదు. లెక్కలు సరియైనవని ఒప్పుకొన్న పిదప ఊరి పేరును బట్టియు, కాలపు చెడుగును బట్టియు ఒక కుటుంబమును దోషిగ నిర్ణయించుట అనుమానమే గాని సాక్ష్యము కాదనినది. నొసటి చెమట దోషమును తోపించును గాని నిశ్చయింపజాలదన్న విజ్ఞానేశ్వరుని మాటకును దీనికిని దూరము తక్కువ.

ఐతే త్రాసునకు రెండవ తట్టయు కలదు. 1963లో శ్రీలేఖా బెనర్జీ వ్యాజ్యమునను చిక్కు ఆ పెద్ద నోట్లదే. అచట సుప్రీం కోర్టు పన్ను శాఖ పక్షమున తీర్పు చెప్పినది. మంచి సమాధానమును అకారణముగ త్రోసిపుచ్చి, ఉన్న రుజువును లేని రుజువుగ చేయుటకు శాఖకు అధికారము లేదని హెచ్చరించుచునే, ఆ సమాధానము మాత్రము నిలువదగినది కాదనినది. సమాధానము చెప్పుట చాలదు, అది నిలువవలెను.

నిలుచుట యననేమి? దీనికి 1971లో సుప్రీం కోర్టు న్యాయమూర్తి కె.ఎస్. హెగ్డే చెప్పిన మాట తరువాతి తీర్పులన్నిటికిని మార్గదర్శియైనది. కలకత్తాలోని ఒక భవనపు ఆదాయమును గూర్చిన వివాదమది. ఆ ఆస్తి తనది కాదనియు, తన భార్య ధనముతో ఒక ధర్మముకొరకు కొన్నదనియు, తాను దానికి ధర్మకర్తను మాత్రమేననియు గృహస్థుడు వాదించెను. దస్తావేజులో అట్లే వ్రాసి ఉన్నది. కనబడునదియే నిజమని మొదట గ్రహింపవలెను గాని, అది నిజము కాదనుటకు కారణములు తోచినపుడు అధికారి కన్నులకు గంతలు కట్టుకొని దస్తావేజును చూడనక్కరలేదని హెగ్డే అనెను. తన చేతితో తాను వ్రాసికొన్న మాట తనకే సాక్ష్యమగుటకు మునుపు దాని నిజము నిరూపింపబడవలెను. లేనిచో పత్రమును పుట్టించుటకంటె సులభమైన పని లేదు. ఇక మనుష్యుని నమ్మకమును కొలుచు యంత్రమును శాస్త్రజ్ఞులు ఇంకను కనిపెట్టలేదు. కావున మానవ సంభావ్యతయే పరీక్ష అని ఆయన భావము. లోకములో మనుష్యులు సామాన్యముగ ఇట్లు నడచుకొందురా అని అడుగుటయే ఆ పరీక్ష.

ఈ పరీక్షకు మరింత చర్చ తెచ్చినది 1995 నాటి సుమతీ దయాళ్ వ్యాజ్యము. ఆమె లెక్కలలో ఒక సంవత్సరము 3,11,831 రూపాయలు, మరుసటి సంవత్సరము 93,500 రూపాయలు గుఱ్ఱపు పందెములలో గెలిచిన సొమ్ముగ చూపబడినవి. బెంగుళూరు, మద్రాసు, హైదరాబాదు పందెపు మైదానములలో జాక్‌పాటులు వచ్చినవట. పందెపు క్లబ్బులు ఇచ్చిన ధ్రువపత్రములు కలవు. నాడు అట్టి గెలుపుపై పన్ను లేదు. పన్ను వచ్చిన పిమ్మట ఆమె పందెములు మానినది. టిక్కెట్లు కొన్న ఖర్చుగాని ఓడిన సొమ్ముగాని లెక్కలలో ఎచటను లేదు. గెలుపు మాత్రమే ఉండి ఓటమి లేని జూదము లోకమున లేదు. అప్పటి సెటిల్‌మెంటు కమిషనులో అధిక సంఖ్యాకులు ఈ కథను నమ్మలేదు. అధ్యక్షుడు మాత్రము ధ్రువపత్రములు ఉండగా కాదనుట ఎట్లని భిన్నాభిప్రాయము వ్రాసెను. సుప్రీం కోర్టు అధిక సంఖ్యాకుల వైపు నిలిచినది. పత్రము నిజమైనదే కావచ్చును; అది చెప్పు కథ నిజము కాకపోవచ్చును.

మానవ సంభావ్యత పదునైన కత్తి. పట్టినవాని చేతిని బట్టి దాని పని ఉండును. ఎవరి సంభావ్యత? నెలజీతపు ఇంట పుట్టి పెరిగిన అధికారికి బీరువాలో లక్ష రూపాయల రొక్కముండుట వింతగ తోచును. ధాన్యపు వర్తకునికి కోతల కాలమున అది లేకుండుట వింత. బ్యాంకు లేని పల్లెలో పుట్టిన తరము రొక్కమును ఇంటనే దాచుకొన్నది. ఉన్న ఊరి అలవాటును, కులవృత్తిని, పెండ్లి కట్నకానుకల రీతిని ఎరుగక, తన ఇంటి సంగతియే లోకరీతియని తలచువాడు సంభావ్యత పేర తన అజ్ఞానమును తీర్పుగ వ్రాయును. గోదావరి, కృష్ణా కాలువల క్రింది రైతు ‘పంట సొమ్ము’ అని చెప్పినపుడు ఎన్ని ఎకరములు, ఏ నీరు, ఎన్ని బస్తాలు, నాటి ధర ఎంత, తిండికిని పెట్టుబడికిని పోగా మిగులునదెంత అని అడిగిన అధికారియే ఆ మాటను నమ్ముటకైనను నమ్మకుండుటకైనను అర్హుడు. ఆ లెక్క వేయక తల ఊపినవాడును, తల అడ్డముగ త్రిప్పినవాడును ఒక్కటే.

ఈ పరీక్ష ఇంటివారికి రక్షణ కూడ కాగలదని కేరళనుండి వచ్చిన నూర్జహాన్ వ్యాజ్యము చూపినది. ఇరువది యేండ్ల యువతి పేర కొంత భూమి కొనబడినది. తన తల్లివైపు వచ్చిన ఆస్తుల ఆదాయమే ఆ సొమ్మునకు మూలమని చెప్పిన సమాధానమును అధికారులు నమ్మలేదు. ట్రిబ్యునలు సైతము నమ్మలేదు. ఐనను ఆ వయస్సున, ఆ స్థితిలో ఆమె స్వయముగ అంత ధనము గడించుట అసంభవము గనుక దానిని ఆమె ఆదాయముగ ఎంచరాదని ట్రిబ్యునలు నిర్ణయించినది. 1961 నాటి చట్టము మూలము తెలియని సొమ్మును ఆదాయముగ ‘ఎంచవచ్చును’ అనినదే గాని ‘ఎంచవలెను’ అనలేదని సుప్రీం కోర్టు ఆ నిర్ణయమును నిలిపినది. సాక్షి చెప్పిన కథ నిలువకున్నను సాక్షి జీవితము సాక్ష్యమిచ్చినది. మాట అబద్ధమని తేలినంతమాత్రమున దానికి ఎదురైన ఊహ నిజమని తేలినట్లు కాదు.

సోదాల సమయమున ఇంటివారి మాటకు మరియొక ప్రమాదము కలదు. అర్ధరాత్రివరకు సాగిన సోదాలో, అల్మారాలన్నియు తెరచియుండగా, అలసిన గృహస్థుడు ‘అంతయు నా దాచిన ఆదాయమే’ అని వ్రాసియిచ్చును, మరునాడు కాదనును. ఏది నమ్మవలెను? ఒప్పుకోలు బలమైన సాక్ష్యమే గాని తిరుగులేనిది కాదనియు, అది తప్పని చూపుటకు దానిని ఇచ్చినవానికి అవకాశముండవలెననియు పుల్లంగోడ్ రబ్బరు తోటల వ్యాజ్యమున సుప్రీం కోర్టు చెప్పియుండెను. 2003 మార్చి 10న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు వ్రాయుచు, సోదాలలో ఒప్పుకోళ్లు రాబట్టుటపై గాక ఆధారములు సేకరించుటపై దృష్టి నిలుపవలెనని ఆదేశించినది. బలవంతపు సాక్ష్యము పన్ను శాఖకు సైతము నిలువని గోడయని అనుభవమే నేర్పినది.

నగల విషయమున రాజ్యము ఇంకను ఒక అడుగు ముందునకు వేసినది. స్త్రీధనమును ఆరు విధములుగ లెక్కించిన మనుస్మృతి అగ్నిసాక్షిగ ఇచ్చినది, అత్తవారింటికి తరలునపుడు ఇచ్చినది, ప్రేమతో ఇచ్చినది, అన్నదమ్ములు, తల్లి, తండ్రి ఇచ్చినవి అని చెప్పినది. ఆరింటను పత్రము ప్రసక్తి లేదు. 1994 మే 11న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఒక ఆదేశము వెలువరించినది. సోదాలలో వివాహిత స్త్రీకి 500 గ్రాములు, అవివాహితకు 250 గ్రాములు, పురుషునకు 100 గ్రాములవరకు బంగారు నగలను స్వాధీనము చేసికొనరాదు. కుటుంబ స్థితిని, ఆచారములను బట్టి అంతకు మించినదానిని సైతము విడువవచ్చును. ఆ ఆదేశము స్వాధీనమును గూర్చినదే ఐనను, ఆ మేరకు నగలు సహజముగ ఇంట ఉండునవియేనని గుజరాత్, రాజస్థాన్ హైకోర్టులు దానిని విస్తరించి గ్రహించినవి. అంతవరకు సాక్షిని పిలువనక్కరలేదు. దేశాచారమే సాక్షి.

రొక్కము విషయమున ఇదే ఆలోచన 2016 నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు చెల్లకుండ పోయిన పిమ్మట వచ్చినది. భర్తకు, బిడ్డలకు తెలియక పోపులపెట్టెలోను, బియ్యపు డబ్బాలోను స్త్రీలు దాచుకొన్న నోట్లు బ్యాంకునకు నడచినవి. వ్యాపారాదాయము లేని వ్యక్తుల ఖాతాలలో రెండున్నర లక్షలవరకు పడిన సొమ్మును గూర్చి విశేష విచారణ అక్కరలేదని 2017లో బోర్డు తెలిపినది. ఐనను ఒక గృహిణి వేసిన 2,11,500 రూపాయలపై పన్ను పడగా ఆమె ట్రిబ్యునలునకు పోయినది. భర్తయు, కుమారుడును, బంధువులును ఇచ్చినదానిలో మిగిల్చి కూడబెట్టితినని ఆమె చెప్పినది. 2021 జూన్‌లో ఆగ్రా పీఠము ఆ మాటను అంగీకరించి, ఆ పరిమితిలో గృహిణులు వేసిన సొమ్మును వారి ఆదాయముగ ఎంచరాదనినది. ఇంటి పని చేయు స్త్రీకి జీతము లేదు, లెక్కల పుస్తకము లేదు. ఐనను పొదుపు కలదని ఒక న్యాయపీఠము వ్రాయుటకు ఇంతకాలము పట్టినది.

ఈ చరిత్ర సాక్షిని నమ్ముమని చెప్పలేదు, నమ్మవద్దనియు చెప్పలేదు. అడుగకుండ కాదనవద్దన్నది. ఊరి పేరును బట్టియు, కాలమును బట్టియు దోషము కట్టవద్దన్నది. వ్రాత కనబడినంత మాత్రమున తల వంచవద్దన్నది. కథ నిలువనిచోట జీవితమును చూడుమన్నది. వీనిలో ఏ ఒక్కటి తప్పినను త్రాసు వంగును; వంగిన త్రాసునకు ఒక వైపు బొక్కసము, మరియొక వైపు ఒక కుటుంబపు పరువు నష్టపడును. 61 నోట్లలో 31 నమ్మి 30 నమ్మకుండుట సులభము. దానికి ఎవరిని పిలువనక్కరలేదు, ఎవరి ఎదుటను కూర్చుండనక్కరలేదు. పెట్టె అడుగు మూటను గూర్చి చెప్పు వృద్ధురాలిని ఎదుట కూర్చుండబెట్టి, ఆ సవరసులు ఎవరు పెట్టిరమ్మా, ఏ పెండ్లిలో, ఏ ఏట అని అడిగి, ఆమె చెప్పినది తుదివరకు వినుట కష్టమైన పని. న్యాయము ఆ కష్టమైన పనియందే కలదు.